డైరీలో “ఫిఫ్టీ లైన్స్” అని రాస్తే మావాడు యాభై గీతలు గీశాడు. అసలు లైన్ అంటే ఏంటి?

పర్లాకిమిడి_అమ్మ · ఆదివారం, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. నవ్వితే నవ్వారు గానీ కాస్త సాయం చేయండి.

మావాడు ఆరో తరగతి. మేముండేది ఒడిశాలో. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్ళో ఇంగ్లీషు. హోంవర్కు చేయలేదని శుక్రవారం టీచరు వాడి డైరీలో “ఫిఫ్టీ లైన్స్” అని రాసి పంపారు. ఆ రెండే ముక్కలు. నేను షాపు కట్టేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర. అప్పటికి వీడు కింద చాప మీద బోర్లా పడుకుని స్కేలుతో గీతలు గీస్తున్నాడు. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. పక్కన నంబర్లు. ముప్పై ఏడో గీత దగ్గర స్కేలు జారినట్టుంది, దాన్ని కొట్టేసి కింద మళ్ళీ తిన్నగా గీశాడు. నేనేదో డ్రాయింగు అనుకుని ఊరుకున్నాను.

శనివారం టీచరు అది వెటకారం అనుకున్నారు. సోమవారం నన్ను రమ్మన్నారు. వీడేమో “లైన్ అంటే గీతే కదమ్మా, నేనేం తప్పు చేశాను” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. విడమరిచి చెబుదామని కూర్చుంటే నాకే తల తిరిగింది. గీత లైనే, కరెంటు లైనే, రేషను దగ్గర నిలబడేది లైనే, గుణుపురం వెళ్ళే రైలుదీ లైనే. ఇన్నిటికీ ఒకటే మాట ఎలా అయింది?

కొంటెకుర్రోడు_ఛత్రపురం · రాత్రి 9:03

కొట్టేసి మళ్ళీ గీశాడు చూడక్కా, అక్కడ పడిపోయాను. ఆ కాగితం పారేయకు, పెళ్ళిలో చూపిద్దాం.

నిఘంటువు_పిచ్చి (జయపురం) · రాత్రి 9:20

అమ్మా, ముందు మీ అబ్బాయి వైపు మాట చెబుతాను. వాడు చేసింది తప్పు కాదు. డైరీలో “రాయి” అనే క్రియ లేదు. ఇంగ్లీషు బళ్ళలో లైన్స్ అని బహువచనంలో ఊరికే అంటే, తప్పు చేసిన పిల్లాడు ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ రాసే శిక్ష అని అర్థం. అది బ్రిటిష్ బళ్ళ నుంచి వచ్చిన వాడుక. మన తెలుగు ఇంటి పిల్లాడికి అది తెలిసే దారి లేదు. మనకు ఇంపోజిషన్ తెలుసు గానీ లైన్స్ తెలీదు.

ఇక అసలు ప్రశ్న. ఇన్ని అర్థాలకీ మూలం ఒక మొక్క. అవిసె. లాటిన్‌లో దాన్ని లీనుమ్ అంటారు. ఆ మొక్క కాడలు నానబెట్టి తీసిన నారతో వడికిన దారం లీనియా. దారాన్ని రెండు చివర్లా పట్టి బిగలాగితే తిన్నగా నిలుస్తుంది. అలా తిన్నగా ఉన్న గీతకి దారం పేరే పెట్టుకున్నారు. లినెన్ గుడ్డ, ఆ గుడ్డతో కోటు లోపల వేసే లైనింగ్, అవిసె నూనెకి లిన్సీడ్ ఆయిల్ అనే పేరు, అన్నీ ఆ మొక్క సంతానమే. మీవాడికి క్రికెట్ పిచ్చి ఉంటే చెప్పండి, కొత్త బ్యాటుకి పట్టించే నూనె అదే.

కాబట్టి లైన్ పుట్టినప్పుడు గీత కాదు, తాడు. ఇది పట్టుకుంటే మిగతావన్నీ వరసగా దిగుతాయి.

బరంపురం_పట్టు · రాత్రి 9:41

మాస్టారూ, అవిసె చెట్టు మా పెరట్లో ఉంది. పూలు వేపుడు చేసుకుంటాం. దానికి నార ఎక్కడిది?

నిఘంటువు_పిచ్చి (జయపురం) · రాత్రి 9:48

అది వేరే అవిసె అమ్మా. మీ పెరట్లోది పెద్ద చెట్టు, తెల్లగా వంకీ తిరిగిన పూలు. నేను చెప్పేది మోకాలెత్తు దాటి పెరిగే పైరు, సన్న నీలం పూలు, గోధుమరంగు గింజలు. ఇప్పుడందరూ గుండెకి మంచిదని పొడి కొట్టుకుంటున్నారే, ఆ గింజలు. సంస్కృతంలో అతసి. తెలుగులో రెండింటికీ ఒకే పేరు పడింది. ఇంగ్లీషు వాడు ఒక మాటకి ఇన్ని అర్థాలేంటని మనం అడుగుతున్నాం గానీ మనమూ తక్కువేం కాదు.

బరంపురం_పట్టు · రాత్రి 10:05

అలాగా! మరయితే ఇది మా ఇంటి సంగతే. మాది నేత కుటుంబం. మగ్గం మీద నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. ఒక్కో దారం పోగు. చీర అంచులో గీతలా కనబడేదంతా నిజానికి రంగు మార్చిన పోగులే. గీత అంటే దారమని మాకెవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో గీత పడాలంటే దారం ఉండాల్సిందే.

తాపీమేస్త్రీని చూడండి. గోడ లేపేటప్పుడు ఈ చివరా ఆ చివరా మేకు కొట్టి దారం కడతాడు. దానికి తగలకుండా ఇటుకలు పేరుస్తాడు. సుద్దముక్కతో గీత ఎవరూ గీయరు.

నిఘంటువు_పిచ్చి (జయపురం) · రాత్రి 10:22

బాగా పట్టారు. సంస్కృతంలో సూత్రం కూడా అదే దారిలో నడిచింది. సూత్రం అంటే దారం. తర్వాత కొలతకు పట్టే తాడు. ఆ తర్వాత నియమం, లెక్కల్లో ఫార్ములా. మంగళసూత్రంలో మాత్రం దారం దారంగానే మిగిలింది. నాటకం నడిపించేవాడు సూత్రధారుడు, దారం చేతపట్టినవాడు. ఇంగ్లీషులో నటుడు చెప్పే డైలాగులకి లైన్స్ అని పేరు. అవి కాగితం మీది పంక్తులే.

తెలుగు గీత వేరే దారి. గీయడంలోంచి వచ్చింది. గోటితోనో మేకుతోనో గీకితే పడేది గీత. కల్లు గీతలో గీత కూడా అదే, చెట్టు మీద కత్తిగాటు. మనం గీకి గీత తెచ్చుకున్నాం, వాళ్ళు లాగి తెచ్చుకున్నారు.

రిటైర్డ్_గార్డు (రాయగడ) · సోమవారం, ఉదయం 5:40

రాత్రి ఇంత చర్చ జరిగిందా. నేను తొమ్మిదికే పడుకుంటాను.

లైన్ అంటే మా బతుకు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన బుల్లి లైన్ మీద మా తాత కూలి. రెండున్నర అడుగుల గేజి, అంటే రెండు పట్టాల మధ్య ఎడం అంతే. 1931లో దాన్ని గుణుపురం దాకా లాగారు. లాగారు అనే మాట చూడండి, లైన్‌ని వేస్తాం, లాగుతాం, తాడు లాగినట్టే. బ్రాడ్‌గేజ్, అంటే పట్టాల ఎడం పెద్దది చేయడానికి 2004లో బండి ఆపేశారు, 2011లో కొత్త పట్టాల మీద గుణుపురం దాకా మళ్ళీ నడిచింది. మా చిన్నప్పుడు ఆ బండి ఎంత నిదానమంటే, మధ్యలో దిగి జీడిమామిడి పళ్ళు కోసుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళమని మా నాన్న కోతలు కోసేవారు. నేను నమ్మేవాణ్ణి.

రైల్వేలో ఒక్క లైన్ అంటే చాలదు. మెయిన్ లైన్, లూప్ లైన్, అప్ లైన్, డౌన్ లైన్. ఒక పెద్ద దారికి కూడా అదే పేరు. కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్ మీదుగా కిరండూల్ వెళ్ళేదాన్ని మీ జయపురం వాళ్ళంతా కేకే లైన్ అనే కదా అంటారు. మా రోజుల్లో గార్డుకి ఇచ్చే ఇనప పెట్టె పేరు లైన్ బాక్సు. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, పట్టాల మీద పేల్చే టపాకాయలు అందులోనే. నా పేరు తెల్ల పెయింటుతో రాయించుకున్నాను. ఇప్పటికీ అది మా ఇంట్లో ఉంది, బియ్యం పోసుకుంటున్నాం. 2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజరు అంటున్నారు. పెట్టె మాత్రం నాది గార్డు పెట్టే.

అన్నిటికన్నా పెద్ద మాట “లైన్ క్లియర్”. ముందు స్టేషన్ దాకా దారి ఖాళీగా ఉంది, బండి పంపించుకో అని ఆ స్టేషన్ వాళ్ళు ఇచ్చే అనుమతి. సింగిల్ లైన్ మీద దానికి గుర్తుగా ఇనప బంతి ఒకటి మిషన్‌లోంచి తీసి, సంచిలో వేసి, వెదురు చక్రానికి కట్టి డ్రైవరుకి అందించేవాళ్ళు. ఆ బంతి చేతికి రానిదే బండి కదిలేది కాదు.

కరెంటోడు_పాతపట్నం · ఉదయం 7:15

గార్డు బాబాయి గారూ, దండం. నేను లైన్‌మన్‌ని. ఉద్యోగం పాతపట్నం వైపు, అత్తారిల్లు పర్లాకిమిడి. మీ లైన్ క్లియర్ మాకూ ఉంది. కానీ అర్థం పూర్తిగా తిరగబడింది, చూడండి.

మీకు లైన్ క్లియర్ అంటే బండి రావచ్చు. మాకు లైన్ క్లియర్ అంటే కరెంటు రాకూడదు! స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి చెప్పి ఆ ఫీడరు, అంటే అక్కణ్ణించి వచ్చే లైన్, ఆపించి, ఎవరి పేరు మీద ఆపారో పుస్తకంలో రాయించి, అప్పుడు ఎక్కుతాం. దాన్నే ఎల్‌సీ తీసుకోవడం అంటాం. ఎల్‌సీ తీసుకున్నాక కూడా తీగలకి కరెంటుని భూమిలోకి దింపే ఎర్త్ రాడ్లు తగిలిస్తాం, ఎందుకంటే ఎవరింట్లోనైనా జనరేటరు వెనక్కి తన్నొచ్చు. పని అయ్యాక తీసుకున్న మనిషే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. వేరేవాడు ఇవ్వకూడదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక సంగతి. ఊరు, పేరు చెప్పను. మా సీనియరు పైన ఉన్నాడు. కింద ఉన్న కుర్రాడు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి “అన్నా, లైన్ క్లియర్” అన్నాడు. వాడి ఉద్దేశం, ఎల్‌సీ మా దగ్గరే ఉంది, పని నడుస్తోంది అని. అవతల కొత్త ఆపరేటరు. లైన్ మీద అడ్డంకులన్నీ తీసేశారు, ఇక కరెంటు ఇచ్చేయొచ్చని ఆయన విన్నాడు. చేయి కరెంటు ఇచ్చే బ్రేకరు స్విచ్చి దాకా వెళ్ళాక అలవాటు కొద్దీ పుస్తకం చూశాడు. ఎల్‌సీ వాపసు సంతకం లేదు. చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ పుస్తకంలో ఒక ఖాళీ గడి మా సీనియరుని కాపాడింది. ఆయనిప్పుడు రిటైరై కొబ్బరితోట చూసుకుంటున్నాడు. మీ అబ్బాయికి రెండు తిట్లు పడ్డాయి గానీ అక్కా, అదే మాట మాకు ప్రాణం మీదికి తెస్తుంది.

రిటైర్డ్_గార్డు (రాయగడ) · ఉదయం 7:31

చదివి చేతులు చల్లబడ్డాయి నాయనా. ముప్పై ఐదేళ్ళు రైల్వేలో చేసినా ఈ సంగతి నాకు తెలీదు.

శుద్ధతెలుగు · ఉదయం 9:10

ఈ గొడవంతా లైన్ అని వాడటం వల్లే. గీత అనండి, వరుస అనండి, తీగ అనండి, చిక్కే ఉండదు. ఒడిశాలో ఉండి తెలుగు నిలబెట్టుకోవాల్సిన మనమే ఇలా పరాయి మాటలు పోగేసుకుంటే ఎలా?

కొంటెకుర్రోడు_ఛత్రపురం · ఉదయం 9:14

కరెంటోడి అన్నని ఇక నుంచి గీతమనిషి అని పిలుద్దామా?

కరెంటోడు_పాతపట్నం · ఉదయం 9:16

కల్లు గీతమనిషి అనుకుంటారు తమ్ముడూ, వద్దు.

బరంపురం_పట్టు · ఉదయం 10:30

శుద్ధతెలుగు గారి మాట పూర్తిగా కొట్టేయకండి. మనకున్న మాటలు చూస్తే ముచ్చటేస్తుంది. జనం నిలబడితే బారు. పొలంలో నాగలి వేసేది చాలు, మా అమ్మమ్మ నోట సాలు. బట్టలు ఆరేసేది దండెం. పద్యంలో పాదం. వీణకి తీగ. ఒకే తరహా మనుషులైతే అదే కోవ. పెళ్ళి భోజనాల్లో బంతి. రెండో బంతిలో కూర్చుంటాం అంటామే, ఆ బంతి ఆడుకునేది కాదు, పంక్తి అన్న మాటే అలా మారింది. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి లైన్ అంటే సరిపోతుంది. మనం ఒక్కోదానికీ ఒక్కో మాట పెట్టుకున్నాం.

అయితే, కరెంటు స్తంభాలు మన ఊళ్ళోకి వచ్చినప్పుడు మాట కూడా వాటితోనే వచ్చింది. దాన్ని ఇప్పుడు తిప్పి పంపలేం.

నిఘంటువు_పిచ్చి (జయపురం) · ఉదయం 11:02

ఈ వాదం జరుగుతున్నది పర్లాకిమిడి అమ్మాయి ఇంటి గురించి కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఊళ్ళోనే రాజావారి బళ్ళో పాఠాలు చెప్పారు. జనం నోట ఉన్న తెలుగే పుస్తకాల్లో ఉండాలని అక్కడి నుంచే కొట్లాడారు. కొండల్లో సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినం చేసుకుంటున్నాం. ఆ ఊరి పిల్లాడి నోట లైన్ ఉంటే అది తెలుగు మాటే అని నేను గట్టిగా అంటాను.

అసలు చిక్కు వేరే ఉంది. తెలుగులోకి వచ్చిన లైన్ ఇక్కడ సొంత కాపురం పెట్టి ఇంగ్లీషులో లేని అర్థాలు సంపాదించుకుంది. పిల్లాడు ఆ తెలుగు లైన్‌ని తిరిగి ఇంగ్లీషులో పెట్టినప్పుడు అది చెల్లదు. “లైన్ పోయింది” అంటే మనకు కరెంటు పోయింది. ఇంగ్లీషులో లైన్ పోయింది అంటే ఫోన్ తెగింది అనుకుంటారు. కరెంటుకి పవర్ అనాలి. “ఏ లైన్లో ఉన్నారు” అంటే ఏం పని చేస్తున్నారని. అదొకటి ఇంగ్లీషులోనూ ఉంది, లైన్ ఆఫ్ వర్క్ అంటారు. కానీ “ఐ యామ్ ఇన్ ద లైన్” అంటే క్యూలో నిలబడ్డానని.

క్యూ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లండు వాడు క్యూ అంటాడు. అది తోక అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. అమెరికా వాడు లైన్ అంటాడు, అందులో న్యూయార్కు వాళ్ళు కొందరు ఇన్ లైన్ అనకుండా ఆన్ లైన్ నిలబడ్డాం అంటారు. ఇంటర్నెట్టు రాకముందు నుంచీ వాళ్ళు ఆన్ లైనే!

అరండల్‌పేట_అల్లుడు · ఉదయం 11:40

ఉద్యోగం రాయగడలో, అత్తారిది గుంటూరు. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు అడ్రసు “అరండల్‌పేట, ఎనిమిదో లైన్” అని రాసిచ్చారు. నేను రైల్వే క్వార్టర్లు అనుకున్నాను. ఆటో అతను నవ్వాడు. గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట వీధులకి లైన్లనే పేరు. అడ్డంగా వచ్చేవి అడ్డరోడ్లు. మన బరంపురంలో సాహి ఎలాగో వాళ్ళకి లైన్ అలాగ.

గోపాల్‌పూర్_గాలం · మధ్యాహ్నం 1:25

నేను షిప్పులో పని చేస్తాను. ఇంటికి సెలవు మీద వచ్చాను. మా వాళ్ళు సముద్రం మీద బతికేవాళ్ళు. ఓడలో తాడుని తాడు అనరు. కొట్లో చుట్టగా ఉన్నంతవరకే రోప్. దానికి ఒక పని అప్పజెప్పగానే లైన్. రేవుకి కట్టేది మూరింగ్ లైన్, ముందు విసిరేది హీవింగ్ లైన్. మాస్టారు చెప్పిన తాడు మా దగ్గర ఇంకా తాడుగానే ఉందన్నమాట.

ఓడ పక్కన పెయింటుతో ఒక గుండ్రం, దాని మీద అడ్డగీత ఉంటుంది. ప్లిమ్‌సాల్ లైన్. సరుకు ఎక్కువై ఆ గీత మునిగితే ఓడ కదలకూడదు. బీమా డబ్బు కోసం పాత ఓడలకి మోయలేనంత సరుకెత్తి ముంచేస్తున్నారని శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే బ్రిటిష్ ఎంపీ గొడవ చేస్తే 1876లో చట్టం వచ్చింది. భూమధ్యరేఖ దాటడాన్ని క్రాసింగ్ ద లైన్ అంటారు. మొదటిసారి దాటినవాడి నెత్తిన బకెట్లతో నీళ్ళు గుమ్మరిస్తారు. నాకూ పోశారు. రెండు రోజులు ముక్కు కారింది.

మా నాన్నకి మాత్రం లైన్ అంటే గాలం తాడే. ఇంగ్లీషులో గాలం, తాడు, సీసం గుండు మూడూ మింగేసిందని చేప గురించి ఒక మాట ఉంది, చెప్పిందల్లా నమ్మే అమాయకుడిని అలా అంటారు.

కొంటెకుర్రోడు_ఛత్రపురం · మధ్యాహ్నం 1:40

అసలైన అర్థం ఎవరూ చెప్పరేం? అందరూ పెద్దమనుషులేనా? “ఆ అమ్మాయికి వాడు లైన్ వేస్తున్నాడు” సంగతేంటి?

బరంపురం_పట్టు · మధ్యాహ్నం 1:52

గోపాల్‌పూర్ తమ్ముడు ఇప్పుడే చెప్పాడుగా. గాలం వేయడమే. చేప పడుతుందో లేదో నీ అదృష్టం.

నిఘంటువు_పిచ్చి (జయపురం) · మధ్యాహ్నం 2:10

పరీక్షలో మాత్రం అలా రాయకండి. ఆ లైన్ వేయడం మనది. ఇంగ్లీషులో దగ్గరగా ఉండేది పికప్ లైన్, అది పరిచయం కోసం విసిరే మాట. చీటీ రాయడానికి మాత్రం డ్రాప్ ఎ లైన్ అంటారు, రెండు ముక్కలు రాసి పడెయ్ అని.

సుంకిఘాట్_లారీ · సాయంత్రం 6:05

సాలూరు, కోరాపుట్ మధ్య లారీ తిప్పుతాను. మేం బండి మీద ఉంటే “లైన్ మీద ఉన్నా” అంటాం. ఇంటికొస్తే లైన్ దిగినట్టు.

మీరంతా ఒక లైన్ మర్చిపోయారు. బార్డరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీనుని రెండు ముక్కలు చేసిన గీత. ఊరు ఇటొచ్చింది, జమీనులో చాలా పల్లెలు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. నేను రోజూ దాటే దారి పక్కన కొటియా పల్లెలు ఉన్నాయి. అవి మావంటే మావని రెండు రాష్ట్రాలు 1968 నుంచి కోర్టు చుట్టూ తిరుగుతున్నాయి. అక్కడ రెండు ప్రభుత్వాల బోర్డులూ కనబడతాయి. కొందరి దగ్గర రెండు రేషన్ కార్డులు. మ్యాపులో గీత ఎంత సన్నగా ఉంటుందో, నేల మీద చూస్తే కొండ, వాగు, రాగిచేను. ఇక్కడ గీత ఉందని మేకకి ఎవరు చెప్పాలి?

కరెంటోడు_పాతపట్నం · సాయంత్రం 6:30

మా లైన్లకి ఆ బార్డరు బాగా తెలుసన్నా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది కదా, ఇటు ఆంధ్రాలో శ్రీకాకుళం, అటు ఒడిశాలో గజపతి జిల్లా, రెండూ చీకటే. స్తంభాలు మోకాళ్ళ మీద కూర్చున్నట్టు వంగిపోయాయి. మా వాళ్ళు ఇటు నుంచి, వాళ్ళు అటు నుంచి నిలబెట్టుకుంటూ వచ్చారు. మా అత్తారింటికి, మా ఇంటికి కరెంటు వేర్వేరు రోజుల్లో వచ్చింది. ఆ మధ్య రోజుల్లో మామయ్యగారి ఫోన్లన్నీ సంచిలో వేసుకుని మా ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టుకున్నాం.

నిఘంటువు_పిచ్చి (జయపురం) · సాయంత్రం 7:12

డెడ్‌లైన్ సంగతీ చెప్పేస్తాను, ఇది గీత దాటడమే. ఇప్పుడు ఆఫీసుల్లో గడువు అని వాడుతున్నాం. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఆండర్సన్‌విల్ అనే చోట ఖైదీల శిబిరం ఉండేది. కంచె లోపల కాస్త ఎడంగా ఇంకో సన్నని కర్రకంచె. అది దాటితే కాపలావాళ్ళు కాల్చేసేవాళ్ళు. అదీ డెడ్‌లైన్. కరెంటు బిల్లు గడువు దాటితే ఫ్యూజు పీకుతారు, అంతే తేడా.

కరెంటోడు_పాతపట్నం · సాయంత్రం 7:15

సార్, పీకేది మేమే.

పర్లాకిమిడి_అమ్మ · సోమవారం, రాత్రి 9:30

తీగ లాగితే డొంకంతా కదిలింది. చదవడానికే గంట పట్టింది.

ఉదయం బడికి వెళ్ళాను. కరెంటు తమ్ముడి కథ అప్పటికి చదివాను గనక అదే చెప్పాను. టీచరు కేరళ ఆవిడ, తెలుగు రాదు. నేను ఒడియాలో చెప్పాను, ఆవిడ ఇంగ్లీషులో వింది, మధ్యలో ప్యూను హిందీ చేశాడు. ఆవిడ నోట్సు తెప్పించి మళ్ళీ చూసింది. ముప్పై ఏడో గీత దగ్గర కొట్టివేత కనబడ్డాక నవ్వేసింది. డైరీలో ఇక నుంచి రాయి, గీయి అని వివరంగా రాస్తానంది. శిక్ష మాత్రం పూర్తిగా తప్పలేదు. యాభై బదులు పాతిక వాక్యాలు రాయించింది.

వాడికి మాస్టారు చెప్పినదంతా చదివి వినిపించాను. డెడ్‌లైన్ నచ్చింది, ప్లిమ్‌సాల్ నచ్చింది. కానీ అవిసె దగ్గర ఆగిపోయాడు. మొక్కలోంచి గీత వస్తుందా అని ఒకటే ప్రశ్న. ఇంట్లో పొడి కొట్టడానికి తెచ్చిన గింజలున్నాయి. రంగు డబ్బాలో మట్టి పోసి చల్లాడు.

బరంపురం_పట్టు · రాత్రి 9:44

పొడి కోసం అమ్మేవి ఒక్కోసారి వేయించినవి ఉంటాయి అక్కా, అవి మొలవవు. పచ్చి గింజలు అడిగి తీసుకో. నారకి పెంచేది దగ్గరదగ్గరగా చల్లాలి, అప్పుడు కొమ్మలు వేయకుండా కాడ నిటారుగా వెళుతుంది.

పర్లాకిమిడి_అమ్మ · పన్నెండు రోజుల తర్వాత, శనివారం సాయంత్రం 5:20

నువ్వు చెప్పినట్టే మొదటివి వేయించినవి, మొలవలేదు. మళ్ళీ పచ్చివి తెచ్చి చల్లాడు. అయిదో రోజుకి లేచాయి. రోజూ బడి నుంచి రాగానే స్కేలు పట్టుకుని డబ్బా దగ్గర కూర్చుంటున్నాడు. ఈరోజు నాలుగు సెంటీమీటర్లు. ఎంత పెరిగిందో గుర్తుండాలని డబ్బా వెనక గోడ మీద రోజుకొక గీత గీస్తున్నాడు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. గోడకి సున్నం వేసి నెల కూడా కాలేదు.